ఇంజను చెవి

ఘాటు రోడ్డుపై నిండు బరువుతో కారు ఎక్కుచున్నపుడు డ్రైవరు గేరు తగ్గింపక ఆక్సిలరేటరును గట్టిగా త్రొక్కినచో బోనెట్టు క్రిందనుండి సన్నని చప్పుడొకటి వినవచ్చును. ఇత్తడి చెంబులో గులకరాళ్లు పోసి ఊపినట్లుండును. కాలు తీసిన వెంటనే ఆగిపోవును. మా వృత్తిలోని వారు దీనిని నాకింగు అందురు. ఈనాటి కార్లలో ఈ చప్పుడు మన చెవిన పడుట అరుదు. అది మన వరకు రాకముందే వినుటకై ఇంజనుకే ఒక చెవి నమర్చినారు. దాని పేరు నాక్ సెన్సారు. ఆ చెవి చెడినచో ఏమగును, చెడినదని ఎట్లు తేల్చవలెను, మార్చునపుడు ఏ జాగ్రత్తలు వలయును అను విషయములను శ్రోతలకు మనవి చేయదలచినాను. ఇందులో నేను స్వయముగా చేసిన పొరపాటు కూడ ఒకటి ఉన్నది. దానిని దాచి చెప్పుట న్యాయము కాదు.

ముందుగా ఆ చప్పుడు ఎక్కడిదో చూతము. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును పిస్టను పైకి నొక్కును. పిస్టను పైకొనకు చేరుటకు రవంత ముందుగా స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేయును. మంట ప్లగ్గు వద్ద పుట్టి, గడ్డివాము ఒక ప్రక్క అంటుకొని రెండవ ప్రక్కకు ప్రాకినట్లు సిలిండరు నంతటిని చుట్టుకొనును. సిలిండరులో జరుగునది పేలుడని చాలమంది యనుకొందురు. సరిగా నడచు ఇంజనులో జరుగునది పేలుడు కాదు. మిక్కిలి వేగముగా సాగు మంట మాత్రమే. అయితే ఆ మంట ఇంకను చేరని మూలలో కొంత మిశ్రమము మిగిలియుండును గదా. వెనుకనుండి తరుముకొని వచ్చు ఒత్తిడికిని వేడికిని తాళలేక అది తనంత తానే ఒక్కుమ్మడిగా అంటుకొన్నచో, అదియే నాకింగు. అప్పుడు పుట్టిన ఒత్తిడి యలలు సిలిండరు గోడలను ఇటునటు తాకి దానిని గంటవలె మ్రోగించును. సిలిండరు వ్యాసము 86 మిల్లీమీటర్లు ఉన్నచో ఆ మ్రోత సెకనుకు సుమారు 6,700 కంపనములు గలదై యుండును. వ్యాసము తగ్గిన కొలది స్వరము హెచ్చును. చిన్న గంట సన్నగా మ్రోగుట మనకు తెలిసినదే.

ఒకటి రెండు మారులు వినబడి పోయిన నాకింగు వలన వచ్చు నష్టము లేదు. అదే పనిగా సాగినచో ప్రమాదము. మంటకును లోహమునకును నడుమ పలుచని చల్లని వాయువుపొర యొకటి ఎల్లపుడు నిలిచి పిస్టనును కాపాడుచుండును. నాకింగు అలలు ఆ పొరను చెరిపివేయును. అంతట పిస్టను అంచులు గుంటలు పడి కరుగును, రింగులు విరుగును, తుదకు పిస్టనుకు రంధ్రమే పడవచ్చును. అట్టి పిస్టనులు మా అలమారులో రెండు మూడు ఉన్నవి. చెదలు తిన్న కఱ్ఱవలె కనబడును.

ఈ జబ్బు ఇంజనులకు పుట్టుకనుండియు ఉన్నదే. ఇంగ్లండులో హ్యారీ రికార్డో దీనినిగూర్చి ఎంతయో పరిశోధన చేసెను. అమెరికాలో 1921లో థామస్ మిడ్జిలీ అను నతడు పెట్రోలులో సీసము గల ద్రవము నొకదానిని, టెట్రాఇథైల్ లెడ్ అనుదానిని, రవంత కలిపినచో నాకింగు అణగునని కనిపెట్టెను. చప్పుడైతే అణగినది గాని, ఆ సీసము పొగతోపాటు వీథులలోనికి వచ్చి రెండు మూడు తరముల పిల్లల రక్తములో చేరినది. మన దేశములో సీసపు పెట్రోలు అమ్మకము 2000లో నిలిచినది. లోకములో కట్టకడపట 2021లో అల్జీరియా మానినది. ఒక చప్పుడును మాన్పుటకు మనుష్యులు చెల్లించిన మూల్యము ఇంత యని తలచినపుడు నాకు ఆ చిన్న సెన్సారుపై గౌరవము కలుగుచుండును. అది చప్పుడు నోరు మూయింపదు. విని, తన నడక సవరించుకొనుమని ఇంజనుకు చెప్పును.

పెట్రోలు బంకులో వ్రాసియుండు 91, 95 అను ఆక్టేను అంకెలు గూడ ఈ నాకింగును కొలుచుటకు పుట్టినవే. ఐసో-ఆక్టేను అను ద్రవమునకు నూరు, హెప్టేనుకు సున్న అని పెట్టుకొని, పెట్రోలు ఏ పాళ్ల మిశ్రమమువలె నాకింగునకు తాళునో ఆ అంకె నిత్తురు. కిరోసిను కలిపిన పెట్రోలుకు ఈ తాళు శక్తి పడిపోవును. నేడు పెట్రోలులో కలుపుచున్న ఎథనాలు ఈ ఒక్క విషయమున మేలు చేయును. దాని ఆక్టేను ఎక్కువ. దానిపై ఉన్న తక్కిన వాదములతో ప్రస్తుతము మనకు పని లేదు.

ఇక సెన్సారు. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో వానిపై విద్యుత్తు పుట్టునని కనుగొన్నారు. నాక్ సెన్సారులో నున్నది ఆ ధర్మమే. వడ యాకారములో ఒక చిన్న పెట్టె. దానిలోపల పింగాణివంటి పదార్థముతో చేసిన వలయము. దానిపై ఒక లోహపు బరువు. నడుమ రంధ్రములోనుండి బోల్టు దూర్చి ఇంజను బ్లాకునకు బిగింతురు. బ్లాకు కంపించినపుడు బరువు వలయమును నొక్కి వదలుచుండును. అంతంత మాత్రపు విద్యుత్తు, మిల్లీవోల్టుల లెక్కలో, తీగ వెంట కంట్రోలు పెట్టెకు పోవును. ఈ సాధనముతో మార్కెట్టులోనికి వచ్చిన తొలి కార్లలో 1978 నాటి బ్యూయిక్ టర్బో కార్లు చెప్పదగినవి.

కంట్రోలు పెట్టె ఎల్లవేళల వినదు. ఒక్కొక్క సిలిండరు మండిన తరువాత, నాకింగు రాదగిన కొద్దిపాటి కోణములో మాత్రమే చెవి యొగ్గును. వాల్వుల టకటకలను, గొలుసు చప్పుడును నాకింగుగా పొరబడకుండుటకే ఈ ఏర్పాటు. నాకింగు వినబడగానే నిప్పురవ్వను రెండు మూడు డిగ్రీలు ఆలస్యము చేయును. చప్పుడు పోయిన పిమ్మట మెల్లమెల్లగా మరల ముందుకు తెచ్చును. మనము హాయిగా కూర్చుండి పాటలు వినుచు పోవుచున్నంతసేపు ఈ బేరము జరుగుచునే యుండును.

సెన్సారు చెడినచో ఇంజను నాకింగు కొట్టుననుట సాధారణముగ నున్న అపోహ. చాల కార్లలో జరుగునది దానికి విరుద్ధము. చెవి వినబడుట లేదని కంట్రోలు పెట్టెకు తెలియగానే, ఎందుకైన మంచిదని నిప్పురవ్వను శాశ్వతముగ వెనుకకు జరిపి యుంచును. ఇంజను బ్రదుకును గాని సత్తువ తగ్గును, పెట్రోలు ఎక్కువ త్రాగును, డ్యాష్‌బోర్డుపై పసుపుపచ్చని ఇంజను దీపము వెలుగును. బల్లపరుపు రోడ్డుపై ఇది అంతగా తెలియదు. ఘాటు రోడ్డు వచ్చినపుడు తెలియును.

పటమటలో నుండు ఒక టాక్సీ యజమానికి అట్లే తెలిసినది. అతడు శ్రీశైలమునకు అయిదుగురు ప్రయాణికులను తీసికొనిపోవుచు దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కబోగా బండి లాగలేదు. తిరిగి వచ్చి, విజయవాడ ఆటోనగరులోని మా షెడ్డు ముందు బండి నిలిపి అతడు చెప్పిన మాటలు ఇవి.

"మాష్టారూ, రెండో గేరులో కూడా ఏడుస్తూ ఎక్కిందండీ. వెనక కూర్చున్న పెద్దాయన 'దిగి నడుస్తాలే నాయనా' అన్నాడు. పరువు పోయింది. ఇంకో చోట చూపిస్తే ఇంజను విప్పాలి, రింగులు వెయ్యాలి, నలభై అయిదు వేలవుతుంది అన్నారు. నెలనెలా కట్టే వాయిదాకే తడుముకుంటున్నానండీ."

స్కానరు పెట్టినాను. స్టీరింగు క్రింద పదునారు సూదుల సాకెట్టు ఒకటి ఉండును. అమెరికాలో 1996 నుండి కార్లన్నిటికి తప్పనిసరి చేసినది, మన దేశపు ఇటీవలి కార్లలోను ఉన్నది. పి 0325 అను సంకేతము వచ్చినది. నాక్ సెన్సారు! రింగులు వేయనక్కరలేదని చెప్పి అతనికి ధైర్యము కలిగించినాను. అంతవరకు మంచిదే. తరువాత వెంటనే క్రొత్త సెన్సారు తెప్పించి, గంటలో వేసి, సంకేతమును చెరిపి పంపినాను. అదే నా తప్పు. మూడవ నాడు ఇబ్రహీంపట్నము వద్ద దీపము మరల వెలిగినది. అతనికి ఆనాటి పెండ్లి కిరాయి పోయినది. మరల షెడ్డుకు వచ్చి ఏమియు అనలేదు; తాళములు బల్లపై పెట్టి బల్ల మీదనే కూర్చున్నాడు. ఏదైన అనియుండిన బాగుండెడిది.

పి 0325 అనగా సెన్సారు చెడినదని కాదు. సెన్సారు సర్క్యూటులో లోపమున్నదని మాత్రమే. సర్క్యూటు అనగా సెన్సారు, దాని కనెక్టరు, తీగలు, తీగలపైనున్న జల్లెడ తొడుగు, కంట్రోలు పెట్టె — ఇవన్నియు. ముప్పది యేండ్లు విద్యార్థులకు ఈ మాట పాఠముగ చెప్పి, నా షెడ్డులో నేనే మరచితిని. దానికి సోదరులవంటి సంకేతములు మఱికొన్ని కలవు: 0326 అనగా సంకేతము వచ్చుచున్నది గాని ఉండవలసిన పరిధిలో లేదని, 0327 మరీ తక్కువయని, 0328 మరీ ఎక్కువయని, రెండు వరుసల ఇంజనులలో రెండవ వరుస సెన్సారుకు 0330 మొదలుగా అంకెలు. 0326 వచ్చినపుడు సెన్సారు నిజమే చెప్పుచుండవచ్చును. పెట్రోలు కల్తీయా, ఇంజను వేడెక్కుచున్నదా, లోపల మసి పేరుకొన్నదా, ఏదైన బ్రాకెట్టు వదులై బ్లాకును కొట్టుచున్నదా అని ముందు చూడవలెను. చెడువార్త తెచ్చినాడని చారుని శిక్షింపరాదు గదా.

రెండవ మారు క్రమముగా పని మొదలుపెట్టినాను. తీసివేసిన పాత సెన్సారును బల్ల పైనున్న ఇనుప దిమ్మెకు బోల్టుతో బిగించి, మల్టీమీటరును ఏ.సి. మిల్లీవోల్టులలో పెట్టి, దిమ్మెను చిన్న స్పానరుతో మెల్లగ తట్టినాను. సెన్సారును కాదు, దాని ప్రక్కనున్న ఇనుమును. అంకె లేచి పడినది. క్రొత్త సెన్సారుతో పోల్చినాను, రెండును ఒక్కటే. నిరోధమును కొలిచినాను. ఈ తరగతి సెన్సారులలో రెండు సూదుల నడుమ నిరోధము పది లక్షల ఓములకు పైన నుండవలెను; అనగా సాధారణపు మీటరుకు తీగ తెగినట్లే కనబడును. అది కూడ సరిగానే యున్నది. లోపల రెసిస్టరు పెట్టిన సెన్సారులు వేరు కలవు. వానికి కంపెనీ పుస్తకములో చెప్పిన విలువ చూచుకొనవలెను. ఆ జాతిలో నిరోధము సరిపోయినంత మాత్రమున సెన్సారు మంచిదని నమ్మరాదు. లోపలి పింగాణి పగిలినను రెసిస్టరు తన విలువ తాను చూపును. మొత్తము మీద ఆ పాత సెన్సారు నిక్షేపముగా నున్నది. నేను మంచి చెవిని కోసి వేరు చెవి నతికించితినన్న మాట.

తరువాత తీగలు. బ్యాటరీ నెగటివు తీసి, రెండు కొనల కనెక్టరులు విప్పి, ఈ కొననుండి ఆ కొనకు మీటరు పెట్టినాను. బాగుగనే పలికినది. పలుకుచుండగా వైరింగు కట్టను చేతితో ఊపుచు వచ్చినాను. బ్యాటరీ తట్ట వెనుక ఊపగానే పలుకు తెగినది. అచ్చట చుట్టిన నల్ల టేపు విప్పి చూడగా ఎలుక పండ్ల గుర్తులు! జల్లెడ తొడుగు చిరిగి, ఒక తీగ రెండు పోగులపై వ్రేలాడుచున్నది. ఉదయము చల్లగా నున్నపుడు ఆ పోగులు తాకును. ఇంజను వేడెక్కి అదరినపుడు విడిపోవును. నేను సెన్సారు మార్చినపుడు కట్టను కదిపితిని గనుక రెండు నాళ్లు అంటుకొని నాకు బడాయి నిచ్చినది.

అచ్చట మామూలు తీగ ముక్క వేసి చుట్టిపెట్టుట సులభము. అది పనికిరాదు. మిల్లీవోల్టులు మోయు తీగ ఇగ్నిషను కాయిళ్ల ప్రక్కనుండి పోవును. జల్లెడ తొడుగు లేనిచో ఆ కాయిళ్ల అలజడి యంతయు దానిలో దూరి, లేని నాకింగును వినిపించును. కనుక అదే విధమైన తొడుగు తీగ తెచ్చి, టంకము పెట్టి, వేడికి ముడుచుకొను గొట్టములు తొడిగి, జల్లెడను తెగకుండ కలిపినాను. జల్లెడకు ఎర్తు ఒక కొననే యుండవలెను. పాత సెన్సారునే మరల బిగించి, క్రొత్తదాని ఖరీదును కూలియు అతనికి తిరిగి యిచ్చివేసినాను. పెండ్లి కిరాయి మాత్రము నా చేతిలో లేదు.

ఇక సెన్సారే నిజముగ చెడిన సందర్భము. తరువాత కొలదికాలమునకు విశ్రాంత ఉద్యోగి యొకరి కారు 0327తో వచ్చినది. ఈ మారు కనెక్టరులు, తీగలు ముందు చూచినాను, బాగుగ నున్నవి. సెన్సారు సూదుల నడుమ పది లక్షలకు పైన నుండవలసిన చోట నలువది వేల ఓములే వచ్చినవి. అద్దము పెట్టి చూడగా ప్లాస్టిక్ ఒంటిపై వెండ్రుకవాసి పగులు; దానిలోనికి తేమ చేరినది. అంతకు ముందెవరో వేరు పనికై దానిని విప్పి, తిరిగి వేయునపుడు పొడుగు పిడి రెంచితో బలము కొలది బిగించినారు.

ఈ బిగింపులోనే ఉన్నది విషయమంతయు. వడ యాకారపు సెన్సారులకు పలు కంపెనీలు చెప్పు బిగింపు 20 న్యూటను-మీటర్లు. మన పాత లెక్కలో సుమారు రెండు కిలోగ్రాము-మీటర్లు. వదులైనచో కంపనము పూర్తిగా చేరదు. మితిమీరినచో పింగాణి పగులును, లేక వినికిడి మారిపోవును. టార్కు రెంచి లేనివారు ఈ పనికి పూనుకొనకుండుటే మేలు. సెన్సారుకును బ్లాకునకును నడుమ వాషరు వేయరాదు, గ్రీజు, రంగు, జిగురు ఏదియు పూయరాదు. లోహమును లోహము తాకవలెను. నేను బ్లాకు ముఖమును ఇత్తడి బ్రష్షుతో త్రుప్పు పోవునట్లు తుడిచి, బోల్టు రంధ్రములోని మట్టి తీసి, పాత సెన్సారు తీగ ఏ దిక్కుగా నుండెనో ఆ దిక్కుగనే క్రొత్తదానిని నిలిపి బిగించినాను. దిక్కు మారినచో తీగ సైలెన్సరు గొట్టమునకు తగిలి కాలవచ్చును. అంగడిలోనో షెడ్డులోనో చేయిజారి గచ్చుపై పడిన సెన్సారును వేయకుడు. పైకి ఏమియు కనబడదు గాని లోపలి పింగాణి బీటవారియుండవచ్చును.

నాలుగు సిలిండర్ల ఇంజనులలో ఇది సాధారణముగ రెండవ, మూడవ సిలిండర్ల నడుమ, ఇన్‌టేకు గొట్టముల క్రింద నుండును. క్రిందనుండియో ప్రక్కనుండియో చేయి దూరును. వి ఆకారపు పెద్ద ఇంజనులు కొన్నిటిలో రెండు వరుసల నడుమ లోయలో దాచినారు. ఇన్‌టేకు మానిఫోల్డు నంతటిని విప్పక తప్పదు. అప్పుడు తెరచిన రంధ్రములలో శుభ్రమైన బట్టలు కుక్కుట మరువరాదు. ఒక్క నట్టు లోపల పడినచో సెన్సారు ఖర్చు కంటికి కనబడదు. గాస్కెట్టులు క్రొత్తవి వేయవలెను. వేరొక రకపు ఇంజనులలో మరచుట్టు గల సెన్సారును నీటి జాకెట్టులోనికే బిగింతురు. దానిని విప్పగానే నీరు బయటికి చిమ్మును. ఇంజను పూర్తిగ చల్లారిన తరువాతనే, నీరు దింపిన పిమ్మటనే విప్పవలెను. ఒంటిపై బొబ్బలతో ఆసుపత్రికి పోయిన కుఱ్ఱవానిని నేనెరుగుదును.

మార్చిన తరువాత ఇంజనును నిలిపియుంచి బ్లాకును తట్టి చూచుట కొందరి అలవాటు. స్కానరులో టైమింగు కదలలేదని సెన్సారును మరల దోషిగ నిలుపుదురు. ఖాళీగా తిరుగుచున్నపుడు చాల ఇంజనులు నాకింగు కొఱకు వినవు. తట్టిన దెబ్బ ఆ విను కోణములో పడకపోవచ్చును. కనుక బరువు వేసి రోడ్డుపై నడిపి చూచుటయే సరియైన పరీక్ష. మేము మంగళగిరి వైపు పోయి, కృష్ణ వంతెన దాటిన తరువాత నాలుగవ గేరులో తక్కువ వేగమునుండి త్రొక్కి చూచినాము. టైమింగు ముందుకు పోయి, రవంత వెనుకకు వచ్చి, మరల ముందుకు పోయినది. వినుచున్నదన్నమాట.

ఈ సందర్భమున ఒక మోసమును చెప్పక తప్పదు. సెన్సారు బదులు నాలుగు రూపాయల రెసిస్టరును కనెక్టరులో దూర్చి దీపమును ఆర్పువారు కలరు. రెసిస్టరు గల సెన్సారుల కంట్రోలు పెట్టెలు కొన్ని దీనికి మోసపోవును. చెవిటివాడు చక్కగా వినుచున్నాడని కాగితము వ్రాసి యిచ్చినట్లుండును. నిప్పురవ్వ ముందుకే పోవును, కల్తీ పెట్రోలు పడిన నాడు ఆపువాడుండడు. మా అలమారులోని పిస్టనులలో ఒకటి అట్టి బండిదే. మీ కారు ఇంజను దీపము అతి చౌకగా ఆరినచో, పాత సెన్సారును చూపుమని అడుగుడు.

నెల దాటిన పిమ్మట టాక్సీ యజమాని మరల వచ్చినాడు. శ్రీశైలము రెండు మారులు పోయి వచ్చెనట, మూడవ గేరులో ఎక్కినదట. ఇప్పుడు వచ్చినది ఆ పనికి కాదు. బోనెట్టు ఎత్తి బ్యాటరీ తట్ట క్రింద చూపినాడు. ఎలుక లద్దెలు మరల ఉన్నవి. తీగ మాత్రము గొట్టములో చెక్కుచెదరక యున్నది. బండిని రాత్రులు బియ్యపు కొట్టు ప్రక్కన నిలుపుచున్నావా యని అడిగినాను. తల ఊపినాడు. వేరు చోటు చూచుకొనుమని చెప్పి, మిగిలిన తీగలకు కూడ అదే రకపు గొట్టము తొడుగుటకు కూర్చున్నాను.